కదలని కాలు

మట్టల ఆదివారానికి ముందు బుధవారం

అక్కా,

‘ఫోను చెయ్యొద్దు, సగం నాకు వినపడదు, వినపడ్డ సగం నువ్వు అబద్ధం చెప్తావు’ అన్నావు కాబట్టి కాగితం తీసుకున్నా. కాగితం మీదా అబద్ధాలు చెప్పగలను గానీ దానికి ఓపిక కావాలి.

ముందు మంచి వార్త. ఈ ఏడు పవిత్ర గురువారం పూజలో ప్రభువు శిష్యుల్లా కాళ్ళు కడిగించుకునే పన్నెండు మందిలో నన్నూ వేశారు. వాళ్ళు కూర్చునే బెంచీకి గుడ్డ కుడుతూనే ముసలాణ్ణి అవుతున్నా, ఇన్నాళ్ళకి దాని మీద కూర్చోమన్నారు. కొత్త ఫాదర్ కుర్రాయన. ఎప్పుడూ వచ్చే పెద్దల్ని పక్కన పెట్టి, పని చేసుకు బతికేవాళ్ళని పిలిచాడు. ఉపదేశి గారు మాత్రం ‘కత్తెరనా? పీఠం ముందు కూర్చుని జనాన్ని నవ్వించడు కదా?’ అని అడిగాడట. చూశావా, నా పేరు జ్ఞానస్నానం పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఊరందరికీ కత్తెరనే. ఆ పేరు నా పని వల్ల వచ్చిందో నోటి వల్ల వచ్చిందో నేను అడగలేదు.

ఇప్పుడు ఈ పన్నెండు మంది ఇళ్ళల్లో జరిగే తమాషా చూడాలి. ఫాదర్ కడగబోయే కాళ్ళని ముందే కడుక్కుంటున్నారు. బేకరీ ఆయన రాయి పెట్టి తోముతున్నాడు. బస్సు డ్రైవరు పెళ్ళాం చేత గోళ్ళు తీయించుకున్నాడు. గురువారానికి ఫాదర్ చేతికి మురికి అనేది దొరికితే ఒట్టు.

పని మాత్రం ఎక్కువగా ఉంది. గుళ్ళో స్వరూపాలకి కప్పే ఊదా ముసుగులు కుట్టి ఇచ్చేశా. పండుగ పూజకి ఫాదర్ వేసుకునే తెల్ల వస్త్రం ఇంకా మిషను మీదే ఉంది. మిషనుతోనే గొడవ. పెడలు మెత్తబడింది. దూది మూట తొక్కుతున్నట్టుంది, ఒక్కోసారి కాలు జారిపోయి కుట్టు వంకర పోతోంది. నూనె వేశా, మరలు బిగించా. మెకానిక్కుని పిలిస్తే ‘మిషను బంగారంలా ఉంది, నీకే ఏదో అయింది’ అన్నాడు. వాడితో ప్రస్తుతం మాటల్లేవు.

బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు,
త్వరలో కాళ్ళు శుభ్రపడబోయేవాడు

*

మట్టల ఆదివారం, మధ్యాహ్నం

ఒరేయ్ చిట్టీ,

నీ ఉత్తరం చదివి మీ బావకి వినిపించాను. ఆయన నవ్వి, ‘నన్ను పిలిస్తే ఫాదర్‌కి సగం పనే’ అన్నాడు. ఒంటికాలి మీద కూడా ఈయనకి వేళాకోళాలే. కాలు తీసేసి ఇన్నేళ్ళైనా లేని కాలు దురద పెడుతోందని గోకమంటాడు. ఎక్కడ గోకను? దుప్పటి గోకుతాను. తగ్గిందంటాడు.

ఇవాళ గుడికి వెళ్ళాం. మట్టలు పట్టుకుని అందరూ చుట్టూ తిరిగారు. మేము వెనక తలుపు దగ్గర కూర్చున్నాం.

నిన్ను పిలవడం నాకు సంతోషంగా ఉంది. అమ్మ ఉంటే ఆ రోజు ముందు వరసలో కూర్చుని, అందరికీ వినపడేట్టు ‘మావాడే’ అనేది. నువ్వు మాత్రం నోరు మూసుకుని కూర్చో. మంచి మేజోళ్ళు వేసుకో, చిరిగినవి వేసుకుంటే టైలరు పరువు పోతుంది. పెడలు బెల్టు మార్చి చూడు, వదులైతే అలాగే ఉంటుంది.

మరదలికి నా ముద్దులు. నీకు లేవు, పండుగ తర్వాత చూద్దాం.

అక్క

*

పండుగ మర్నాడు, సోమవారం

అక్కకీ బావకీ పాస్కా పండుగ శుభాకాంక్షలు. ప్రభువు తెల్లవారకముందే లేచాడు, నేను మాత్రం ఇవాళ ఎండ పొయ్యి దాకా వచ్చాక లేచా.

కూర్చుని చదువు, పెద్ద కథ ఇది.

పోయినేడు కాళ్ళు కడిగిన నీళ్ళు చల్లగా ఉండి బస్సు డ్రైవరుకి జలుబు చేసింది. ఏడాదంతా ఆయన ఎక్కినవాళ్ళకీ దిగినవాళ్ళకీ అదే చెప్పాడు. అది మనసులో పెట్టుకుని ఫాదర్ గారింటి వంటామె ఈసారి నీళ్ళు కాచింది. పూజ పొడుగు కదా, చల్లారిపోతాయని, టీ పోసే పెద్ద ఫ్లాస్కులో పోసి మూత బిగించింది. వేళయ్యేసరికి ఉపదేశి ఆ ఫ్లాస్కుని కూజాలోకి వంచి ఫాదర్ చేతికిచ్చాడు. కూజా పిడికి మెత్తటి గుడ్డ తొడిగి ఉంది. అది కుట్టింది నేనే, చాలా మందంగా కుట్టా. ఫాదర్‌కి వేడి తెలిసే దారే లేదు.

మొదట బేకరీ ఆయన. నీళ్ళు పడగానే పళ్ళు బిగబట్టి ‘ప్రభువా!’ అన్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. ఫాదర్ అవి చూసి కదిలిపోయి ‘ఏడవకండి’ అని మెల్లగా అన్నాడు. పక్కన డ్రైవరు. పొగలు కక్కే ఇంజను మీద పెట్టినట్టు కాలు వెనక్కి లాక్కున్నాడు. ఫాదర్ దాన్ని వినయం అనుకున్నాడు. సువార్తలో పేతురు కూడా ముందు కడిగించుకోనన్నాడు కదా! ‘వద్దనకండి’ అని పిక్క పట్టుకుని ఇంకాస్త పోశాడు. డ్రైవరు పైకప్పు వైపు చూశాడు. చూసినవాళ్ళకి పరలోకం కనిపిస్తోందేమో అనిపించింది.

పీఠం ముందు కూర్చుని ‘నీళ్ళు కాలుతున్నాయండీ’ అని ఎవడంటాడు? ఎవడూ అనలేదు. ప్రతివాడూ తన వంతు కాలి, పక్కవాడికి చెప్పకుండా కూర్చున్నాడు. పాటలవాళ్ళు ఈ భక్తి చూసి గొంతు పెంచారు.

నా వంతు వచ్చింది. నేను కదల్లేదు అక్కా. మిగతావాళ్ళు ఎందుకు ఎగురుతున్నారో కూడా అర్థం కాలేదు. కదలని కాలు ఒకటైనా దొరికిందని ఫాదర్ సంబరపడి కూజాలో మిగిలిందంతా నా కుడికాలి మీదే వంచాడు. మళ్ళీ నింపింది కొళాయి నీళ్ళతో. నా తర్వాతివాళ్ళు అదృష్టవంతులు.

పూజ అయ్యాక ఫ్లాస్కు అడుగున మిగిలిన నీళ్ళు పారబోస్తూ ఫాదర్ చెయ్యి కాల్చుకున్నాడు. అప్పుడు తెలిసింది ఆయనకి. అందరి కాళ్ళూ పట్టుకుని క్షమాపణ అడిగాడు. వంటామె వంటింట్లోంచి బయటికి రానంది. అప్పుడు ఉపదేశి నా వైపు తిరిగి, ‘మరి కత్తెర ఎందుకు కదల్లేదు?’ అన్నాడు. అందరూ నన్నే చూశారు. బేకరీ ఆయన తేల్చేశాడు: ‘ఆయన ఇక్కడ లేడు. ప్రార్థనలో మునిగిపోయాడు.’

నేనేం మునగలేదు. బెంచీ గుడ్డ అంచు ఊడిపోతోంది, దాన్ని చూస్తున్నా. కానీ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

శనివారం చీకటి పడ్డాక గుడి బయట కొత్త నిప్పు వేసి, పాస్కా కొవ్వొత్తి వెలిగించి ఫాదర్ చీకటి గుడిలోకి నడిచాడు. ఆ కొవ్వొత్తి నుంచి మొదటి దీపం వెలిగించుకుని జనానికి అందించే పని నాకిచ్చారు! ఒక్కొక్క మొహం వెలుగులోకి వస్తుంటే, ఒక్కరూ నవ్వట్లేదు. నేను నోరు తెరవకముందే నవ్వే జనం అక్కా వీళ్ళు. ఇప్పుడు నేను దగ్గినా తల వంచుతున్నారు. నిన్న ఒక తల్లి వచ్చి బిడ్డ తల మీద చెయ్యి పెట్టమంది. నేను టేపు తీసి కొలత తీసుకోబోయా, అలవాటు కదా.

మిగతా అంతా కులాసా. కొత్త బూట్లు కరిచినట్టున్నాయి, కుడి మేజోడు వేళ్ళ దగ్గర తడిసి అంటుకుపోతోంది. నొప్పి లేదు, అందుకని మీ మరదలికి చెప్పలేదు.

ఇట్లు,
దగ్గినా జనం తల వంచే నీ తమ్ముడు

*

గురువారం

చిట్టీ,

పక్కింటామె పోస్టు డబ్బాలో వేస్తానని గుమ్మంలో నిలబడి ఉంది, అందుకని నాలుగు ముక్కలే. అది భక్తి కాదు. ఇది అందగానే బూటు విప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళు. నలుగురూ ఏదో అంటే నమ్మేస్తావా? నీ కాలి మీద అద్భుతాలు చేసేంత ఖాళీగా లేడు దేవుడు. మీ బావకీ ఇలాగే మొదలైంది. వెంటనే జవాబు రాయి.

అక్క

*

పండుగ తర్వాతి ఆదివారం

అక్కా,

నీ నాలుగు ముక్కలూ అందాయి. నాలుగూ తగిలాయి.

అది భక్తి కాదని నాకు తెలుసు. నువ్వు చెప్పాలా? కానీ కాదని నాకు నేను అనుకోవడం వేరు, నా అక్క కాగితం మీద తేల్చి రాయడం వేరు. యాభై దాటాయి నాకు. ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ సావుకి వెళ్ళినా ‘కత్తెర వచ్చాడు, ఒక ముక్క వదులు’ అనేవాళ్ళే. నాన్న శవపెట్టె మోస్తుంటే కూడా నన్ను చూసి ఒకడు నవ్వు ఆపుకున్నాడు. ఇప్పుడు పది రోజులుగా మనుషులు నాతో మామూలు గొంతుతో మాట్లాడుతున్నారు. ఎలాగూ ఎక్కువ రోజులు ఉండదు. ఉన్నన్నాళ్ళైనా ఉండనివ్వొచ్చు కదా.

బావకి ఇలాగే మొదలైంది అన్నావు. బావకి మొదలైంది మేకుతో. నాకు మేకు దిగలేదు, నీళ్ళు పడ్డాయి, అంతే. బావకున్న షుగరు నాకు లేదు. ఎలా తెలుసంటావేమో, చూపించుకోలేదు కాబట్టి లేదు.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకు. బావ కాలు పోయినప్పటి నుంచి నీకు దేవుడంటే పడట్లేదు. గుడికి వెళ్తావు, వెనక కూర్చుంటావు, పాట పాడవు. పోయినసారి వచ్చినప్పుడు చూశా. నువ్వు పాడితే సందు చివరకి వినపడేది ఒకప్పుడు. ఆ కోపం ఆయన మీదే ఉంచుకో, నా కాలి మీద చూపించకు.

వచ్చే ఆదివారం పూజ చివర్లో నన్ను సాక్ష్యం చెప్పమన్నాడు ఫాదర్. ఆ తర్వాతి శనివారం మన గుడి జనమంతా కలిసి కొండ మీద మరియ తల్లి గుడికి నడిచి వెళ్తారు. సిలువ పట్టుకుని ముందు నేను నడవాలి. సిలువ మోసేవాడు చెప్పులు వేసుకోడు. నాకు భయమేం లేదు, నా కాళ్ళు మొండివని ఇప్పుడు అందరికీ తెలుసు కదా.

పెడలు ఇంకా అలాగే ఉంది. బెల్టు మార్చినా అంతే.

తమ్ముడు

*

బుధవారం

చిట్టీ,

ఈసారి గుమ్మంలో ఎవరూ లేరు. తలుపు వేసుకుని రాస్తున్నాను. లేచి నాలుగు అడుగులు తిరుగుతాను, మళ్ళీ వచ్చి రాస్తాను. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ ఇదే పని. మీ బావ ‘నువ్వు తిరిగితే నాకు అలుపొస్తోంది’ అంటున్నాడు.

నాకు దేవుడి మీద కోపం లేదురా. నేను పాడకపోవడానికి కారణం, పక్కవాళ్ళ పాట నాకు వినపడదు. శ్రుతి ఎటు పోతోందో తెలియదు. ఒకసారి పాట అయిపోయాక కూడా నేనొక్కదాన్నే పాడుతూ ఉన్నానట, మీ బావ మోచేత్తో పొడిచాడు. అప్పటి నుంచి పెదాలు కదుపుతాను అంతే. వెనక కూర్చునేది ఆయనకి మెట్లు కష్టమని. ఇంత చిన్న సంగతి నన్ను అడిగితే సరిపోయేది.

పోయిన ఉత్తరం కఠినంగా రాశాను. భయంతో రాశాను. ఇప్పుడూ భయంగానే ఉంది కానీ నెమ్మదిగా రాస్తాను.

బావకి మేకు దిగిందని విన్నావు నువ్వు. ఎప్పుడు దిగిందో విన్నావా? పొద్దున్నే దిగింది. బూటు అట్ట చీల్చుకుని వచ్చింది. ఆయన రోజంతా బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టాడు. వస్తూ కూరగాయలు తెచ్చాడు. అవి వాడిపోయాయని నాతో గొడవ పడ్డాడు. సాయంత్రం బూటు రావట్లేదని నేను లాగితే, అట్టతో సహా కాలికి కుట్టేసినట్టు ఉంది మేకు. ఆయన వంగి చూసి, ‘అదేంటి?’ అని నన్నే అడిగాడు.

మేకుకి పోయేది కాదు ఆ కాలు. తెలియకపోవడానికి పోయింది. అంతకు ముందు ఏడాదంతా నేల మెత్తగా ఉంది, పరుపు మీద నడిచినట్టుంది అనేవాడు. కొత్త బూట్లు బాగున్నాయేమో అనుకున్నాం. నువ్వు దూది మూట తొక్కుతున్నట్టుంది అని రాస్తే, అన్నీ పడ్డదాన్ని నేను, బెల్టు మార్చమని రాశాను! ఆ ముక్క గుర్తొస్తే నాకు కూర్చోబుద్ధి కావట్లేదు.

మరుగుతున్న నీళ్ళు పడితే కాలికి తెలియాలి. తెలిసి లాక్కోవాలి. బేకరీ ఆయన ఏడ్చాడే, డ్రైవరు ఎగిరాడే, వాళ్ళ కాళ్ళు బాగున్నాయి. నీ కాలు బాగాలేదు. ఆ తడి బూటు కరిచింది కాదురా, కాలిన బొబ్బ.

నన్ను నమ్మక్కర్లేదు. ఒక పని చెయ్యి. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకో. మరదల్ని దారం కొసతో నీ వేళ్ళు ఒక్కోటీ ముట్టుకోమను. ఏ వేలో నువ్వు చెప్పు. చెప్పగలిగితే నేను రాసిందంతా ముసలిదాని పిచ్చి అనుకుని కొండెక్కు, నా కోసం కూడా ఒక దీపం పెట్టు. చెప్పలేకపోతే అటునుంచి అటే ఆసుపత్రికి పో. నువ్వు వెళ్ళలేదని తెలిసిందో, మీ బావని కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుంటూ మరీ వస్తాను. రోడ్డు మీద నవ్వేవాళ్ళు నవ్వనీ.

అక్క

బావ రాస్తున్నది: బావమరిదీ, కుడి బూట్లన్నీ కొత్తవిగానే ఉండిపోయాయి నా దగ్గర, కావాలంటే పంపిస్తా. మా జట్టులో మాత్రం చేరకు. మనుషులు చాలామందే ఉన్నారు, కబుర్లు ఏమీ బాగోవు.

*

యాత్ర శనివారం, ఆసుపత్రి నుంచి

అక్కా,

నువ్వు బయల్దేరకు. బావని తోయకు. నేను ఆసుపత్రిలోనే ఉన్నా. కిటికీ పక్క మంచం. ఇందాకే మన వాళ్ళు పాడుకుంటూ కింద రోడ్డు మీద వెళ్ళారు. సిలువ డ్రైవరు పట్టుకున్నాడు. బూట్లు వేసుకునే ఉన్నాడు, అందరివీ బూట్లు ఉన్నాయేమో చూసి మరీ బయల్దేరదీశాడట ఫాదర్.

నీ ఉత్తరం పోయిన శనివారం వచ్చింది. చదివి కోపం వచ్చి మడిచి జేబులో పెట్టా. మళ్ళీ తీశా. మీ మరదల్ని పిలిచి, మా అక్క ఆట నేర్పింది రా అన్నా. కళ్ళు మూసుకుని కూర్చున్నా. కూర్చున్నా, కూర్చున్నా, ఎంతకీ మొదలుపెట్టదు. ‘ఇంకా దారం దొరకలేదా? టైలరు ఇంట్లో దారానికి కరువా?’ అన్నా. కళ్ళు తెరిస్తే, చేతిలో దారం, మొహమంతా తడి. అన్ని వేళ్ళూ ముట్టుకుని, మళ్ళీ మొదటి నుంచి ముట్టుకుంటోందట. చిటికెన వేలు పక్కన తోలు ఊడి ఉంది. దాన్ని కూడా నేను ఇప్పుడే చూడ్డం. ‘మేజోడు విప్పనివ్వకపోతే చలి అనుకున్నాను కదయ్యా’ అని ఒకటే ఏడుపు.

అప్పటికప్పుడే ఆసుపత్రికి పదమంది. పొద్దున్నే పూజ ఉంది, సాక్ష్యం చెప్పాలి, అది అయిన వెంటనే వెళ్దామన్నా. నువ్వు తిడతావని తెలుసు. కానీ చెప్పకుండా మంచం ఎక్కితే, దీన్నీ ఇంకో మహిమ చేసేస్తారు వాళ్ళు. రాత్రంతా ఏం చెప్పాలో అటూ ఇటూ దొర్లుతూ ఆలోచించా. ఆలోచించింది ఒక్కటీ చెప్పలేదు.

ఫాదర్ మైకు ఇచ్చాడు. గుడి నిండా జనం. ఇంత నిశ్శబ్దం నా జన్మలో నాకెవరూ ఇవ్వలేదు. ‘గురువారం నేను ఎందుకు కదల్లేదో చెప్పమన్నారు. నాకు తెలియలేదు కాబట్టి కదల్లేదు. నేను ప్రార్థన చెయ్యట్లేదు, బెంచీ గుడ్డ చూస్తున్నా. నా కాలికి వేడి తెలియట్లేదు, దారం తెలియట్లేదు. బహుశా షుగరు’ అన్నా.

నవ్వారక్కా. గుడి మొత్తం నవ్వింది. బేకరీ ఆయనైతే కడుపు పట్టుకున్నాడు. ‘కత్తెర మళ్ళీ మొదలెట్టాడు’ అని ఎవరో అన్నారు. ఉపదేశి ‘చెప్పానా’ అన్నట్టు ఫాదర్ వైపు చూశాడు. నేను నిజం చెప్తున్నానంటే ఇంకా నవ్వారు. ఇంకేం చెయ్యను? పీఠం మెట్టు మీద కూర్చుని బూటు విప్పా. మేజోడు రాలేదు. మీ మరదలు వచ్చి మెల్లగా తీసింది. ముందు వరస నవ్వు ఆపింది. తర్వాత వెనక వరసలు కూడా ఆపాయి.

ఫాదర్ వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు, అదే కాలు ముందు. వెనక నుంచి వంటామె ‘నా నీళ్ళే కదయ్యా’ అని శోకం. నేను గట్టిగానే అన్నా: ‘అమ్మా, నువ్వు ఎప్పట్లా చన్నీళ్ళు పెట్టి ఉంటే నేను ఇంకో ఏడాది మెకానిక్కుతో పోట్లాడుతూ కూర్చునేవాణ్ణి.’ ఎవరూ నవ్వలేదు. అదొక్కటే నవ్వొచ్చే మాట, దానికే నవ్వలేదు.

ఫాదరే తన బండిలో తీసుకొచ్చి చేర్పించాడు. రక్తం తీసి చూసి, ‘ఇంత షుగరుతో ఎలా తిరుగుతున్నారు?’ అన్నారు. కాళ్ళు తెలియవు కదా, తిరుగుతున్నా అన్నా. చచ్చిన తోలంతా తీసేశారు. కాలు తియ్యక్కర్లేదట. చిటికెన వేలు మాత్రం ఉంటుందో పోతుందో ఇంకా తేల్చలేదు. రోజూ పొద్దున కట్టు విప్పినప్పుడల్లా డాక్టరమ్మ మొహం చూస్తుంటా, ఆవిడ మొహంలో ఏమీ కనపడనివ్వదు. జోకులు ఆ సమయానికి రావు.

నీ పాట సంగతి తప్పుగా అనుకున్నందుకు క్షమించు. నాకు కాలు, నీకు చెవి.

ఇవాళ్టి సంగతి రాసి ఆపుతా. యాత్ర పాట దూరమైపోయాక డాక్టరమ్మ వచ్చింది. ఎంతవరకు పోయిందో చూడాలి, అటు తిరిగి పడుకోండి, నొప్పి ఉంటే చెప్పండి అంది. సూది మొన బొటనవేలితో మొదలుపెట్టింది. తెలుస్తోందా? లేదు. ఇక్కడ? లేదు. ఇప్పుడు? లేదమ్మా. అరికాలు మధ్య దాకా వచ్చిందట, ఆవిడ చెప్తేనే తెలిసింది. నేను గోడ చూస్తూ, మోకాలి దాకా ఇదే జవాబు చెప్పాల్సి వస్తే ఏం చెయ్యాలి, మిషను ఎవరికి ఇవ్వాలి అని అనుకుంటున్నా.

మడమ దగ్గర ‘అబ్బా!’ అని అరిచా.

వార్డంతా తిరిగి చూసింది. మీ మరదలు వరండాలోంచి పరిగెత్తుకొచ్చింది. డాక్టరమ్మ గట్టిగా గుచ్చానేమో, సారీ అంది.

‘సారీ వద్దమ్మా, ఇంకోసారి గుచ్చండి’ అన్నా.

గుచ్చింది. బాగా నొప్పి పుట్టిందక్కా.

నీ
చిట్టి